28 అంగుళాల టైరు సాక్ష్యం

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా గుమ్మంలో ఒక రంగుల కరపత్రం పడింది. సముద్రం ఒడ్డున ప్లాట్లు అమ్మే వెంచరుది. హెల్మెట్లు పెట్టుకున్న ఒక జంట కొబ్బరిచెట్ల నీడన, ఎర్రరంగు పూసిన బాట మీద, నవ్వుకుంటూ సైకిళ్ళు తొక్కుతున్న బొమ్మ ఉంది దాని మీద. కింద 'సైకిల్ ట్రాక్ సౌకర్యం కలదు' అని రాసి ఉంది. మరెప్పుడైనా అయితే ఆ కాగితం అల్మారా అరలో పరుచుకోవడానికి పనికివచ్చేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడ బాపట్లలోని ఒక కళాశాలలో జూన్ నుంచి చేరడానికి ఒప్పుకుని ఉండడం వల్ల నేను దానిని రెండుసార్లు చదివాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. బెజవాడ పటమటలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. ఇంట్లో కూర్చుని చేసుకునే లెక్కల పని నాది. మోటారు బండి లేదు; కొనలేక కాదు, అవసరం కలగలేదు. కూరగాయలకు, బ్యాంకుకు, గవర్నరుపేటలో ఆడిటరు గారి దగ్గరికి, అమ్మాయిని ట్యూషన్ దగ్గర దింపడానికి, అన్నింటికీ 2008లో కొన్న నల్ల అట్లాస్ సైకిలే. (ఆ కంపెనీ తన చివరి కర్మాగారాన్ని 2020 జూన్ 3న, అంటే సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు మూసివేసింది. ఎవరైనా కథలో ఇలా రాస్తే అతికించినట్టుందని అనేవాళ్ళం.) కాబట్టి ఊరు మారడమంటే నాకు ముందు తోచిన ప్రశ్న అద్దె గురించీ మంచినీళ్ళ గురించీ కాదు. అక్కడ సైకిలు మీద రోజులు గడుస్తాయా అన్నదే.

ఈ నాలుగు నెలల్లో మూడుసార్లు బాపట్ల వెళ్ళివచ్చాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. తీరప్రాంతపు ఊరు సైకిలుకు అనువైనదా కాదా అని తేల్చుకోవడానికి మనం మామూలుగా చూసేవి, అంటే నేల బల్లపరుపుగా ఉందా, బీచి రోడ్డు బాగుందా, ట్రాక్ వేశారా అనేవి, ఆ ఊరికి చుట్టపుచూపుగా వెళ్ళేవాడికి పనికివచ్చే కొలతలు. కాపురం ఉండబోయేవాడు వెతకవలసిన ఆధారం వేరే ఉంది. అది నాకు వెంటనే దొరకలేదు. దొరికిందనుకున్న తరువాత కూడా ఒకసారి చేజారిపోయింది.

బల్లపరుపు నేల మీద గాలి

బాపట్ల వెళ్తున్నామని చెప్పగానే అందరూ అన్న మాట ఒకటే: "అంతా బల్లపరుపేగా, నీకేం, హాయిగా తొక్కుకోవచ్చు." విశాఖలో ఉండే మా పెద్దనాన్నగారబ్బాయి కూడా ఇదే అన్నాడు, కాస్త అసూయగా. ఆయన బాధ ఆయనది. ఆర్కే బీచి నుంచి భీమిలి వైపు సముద్రాన్ని పక్కన పెట్టుకుని తొక్కడం బాగానే ఉంటుంది గాని, ఆ ఆనందమంతా తిరిగి సిరిపురం ఎత్తు ఎక్కేటప్పటికి ఆవిరైపోతుందట. బాపట్లలో ఆ బెడద లేదు. ఊరు సముద్రమట్టానికి పట్టుమని పది మీటర్ల ఎత్తున కూడా లేదు. కృష్ణా పశ్చిమ డెల్టా అక్కడికి వచ్చి ఇసుకలో కలిసిపోతుంది. ఎక్కవలసిన ఎత్తు అంటూ ఉంటే అది ఏ రైల్వే పైవంతెనో.

అయితే కొండకు ఒక మర్యాద ఉంది. ఎక్కడుందో ముందే కనిపిస్తుంది, ఎక్కినవాడిని తప్పకుండా దించుతుంది. గాలికి ఆ మర్యాద లేదు. ఈ సంగతి నాకు ప్రకాశం బ్యారేజి మీద ఎప్పుడో తెలిసింది. సాయంత్రం పూట ఉండవల్లి నుంచి తిరిగివస్తూ సీతానగరం దగ్గర బ్యారేజి ఎక్కితే, తూర్పు నుంచి నది మీదుగా వచ్చే అడ్డగాలికి హ్యాండిల్ తనంతట తానే పిట్టగోడ వైపు వాలుతూ ఉంటుంది. క్యారియర్‌కు కట్టిన సంచీ తెరచాప అయిపోతుంది. అది కిలోమీటరుంబావు దూరం మాత్రమే, ఆ తరువాత ఇళ్ళ మధ్య పడతాం కాబట్టి దానిని ఒక వినోదంగా చెప్పుకుంటాం. ఇళ్ళూ చెట్లూ లేని పొలాల మధ్య అదే గాలి ఏడెనిమిది కిలోమీటర్లు వెంటబడితే వినోదంగా ఉండదు.

ఇందులో చిన్న లెక్క ఉంది. గాలి కలిగించే అడ్డంకి సాపేక్ష వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి 15 కిలోమీటర్ల గాలి ఎదురైతే, ఛాతీకి తగిలే గాలి 30 కిలోమీటర్లది. అడ్డంకి మాత్రం నాలుగింతలు. మన నల్ల సైకిలు మీద నిటారుగా కూర్చుంటాం, గేర్లు ఉండవు. ఆ నాలుగింతల బరువూ మోకాళ్ళదే.

నెదర్లాండ్స్ వాళ్ళు దీనిని ఏకంగా పోటీగా మార్చుకున్నారు. అక్కడ ఒక సముద్రపు అడ్డుకట్ట మీద 8.5 కిలోమీటర్ల దూరం, గేర్లు లేని మామూలు సైకిళ్ళ మీద, తుపాను గాలికి ఎదురు తొక్కాలి. తేదీని ఏడాది ముందు ప్రకటించడానికి వీలుండదు; పెద్ద గాలి వస్తోందని కబురు తెలిశాకే పిలుపు వెళ్తుంది. సైకిలుకు పుట్టిల్లని మనం చెప్పుకునే ఆ దేశంలో కూడా గాలి ఉన్నదన్నమాట. దారులు వేసినవాళ్ళు గాలిని ఏమీ చేయలేకపోయారు. చేయగలిగిందల్లా సైకిలు పక్క నుంచి లారీని తప్పించడం.

గాలిని తప్పించలేకపోయినా దాని వేళలు తెలుసుకోవచ్చు. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నానికి గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి తిరుగుతుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం మీదికి మెల్లగా వీస్తుంది. తెరచాపల కాలంలో జాలరులు చీకటితో వేటకు వెళ్ళి, పగటి గాలితో ఒడ్డుకు చేరింది ఈ ఏర్పాటు మీదనే. బాపట్లకు సముద్రం ఆగ్నేయాన ఉంది; సూర్యలంక తొమ్మిది కిలోమీటర్ల దూరం. ఇప్పుడు కరపత్రంలోని జంటను తీసుకోండి. వాళ్ళ ఇల్లు సముద్రం ఒడ్డున, పని ఊళ్ళో. ఉదయం నేల మీది గాలికి ఎదురు వెళ్ళాలి, అది మెత్తనిది కాబట్టి సరిపెట్టుకోవచ్చు. సాయంత్రం నాలుగున్నరకు, రోజంతా పని చేసి అలసిపోయి, సముద్రపు గాలి మంచి జోరు మీద ఉన్నప్పుడు దానికి ఎదురు తొక్కుకుంటూ ఇల్లు చేరాలి. అదే ఇల్లు ఊరికి లోపలి వైపు, పని సముద్రం వైపు ఉంటే రెండు పూటలా గాలి వీపు మీద చెయ్యి వేసి నడిపిస్తుంది. సముద్రం ఒడ్డున సైకిలు తొక్కాలనుకునేవాడు సముద్రానికి ఎడంగా ఇల్లు తీసుకోవాలి అన్నది నేను తేల్చిన మొదటి సంగతి. ఇది వినగానే మా బావమరిది, "మరి సముద్రం దాకా వెళ్ళడం దేనికి బావా, గుంటూరులోనే ఉండు" అన్నాడు.

ఆదివారపు రోడ్డు, మంగళవారపు రోడ్డు

మొదటిసారి వెళ్ళింది జనవరి చివరి ఆదివారం, అదే బావమరిది కారులో. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని సైకిలు దారిని పరీక్షించడానికి కారులో వెళ్ళాం. సూర్యలంక దారి నిండా మాలాంటివాళ్ళే. గుంటూరు కార్లు, హైదరాబాద్ కార్లు, వంటపాత్రలు కట్టుకుని వచ్చిన మినీ బస్సులు. ఆ రద్దీ చూసి ఈ ఊళ్ళో సైకిలు తొక్కడం అసాధ్యమని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. రెండు వారాల తరువాత మంగళవారం నాడు అదే దారిలో కిలోమీటరుకు ఒక కారు కనిపించడం గగనమైంది. మొదటి తీర్పు ఆ ఊరి గురించి చెప్పింది తక్కువ. సెలవు రోజున అక్కడికి పరిగెత్తే మా గురించే ఎక్కువ చెప్పింది.

ఆ ఆదివారమే వెంచరు కూడా చూశాం. ట్రాక్ నిజంగానే ఉంది. ఎర్రరంగు ఉంది, అక్కడక్కడ సైకిలు బొమ్మ ఉంది, ఒక మలుపులో ఊరకుక్క పడుకుని ఉంది. లేఅవుట్ చుట్టూ తిరిగి, బయలుదేరిన గేటు దగ్గరికే వస్తుంది. గేటు అవతల సన్నని రోడ్డు, దాని పక్కన ఇసుక. చూపించడానికి వచ్చిన కుర్రవాడు చాలా మర్యాదస్తుడు. "రోజూ పొద్దున్నే రౌండ్లు కొట్టుకోవచ్చండీ" అన్నాడు. ఉప్పో పప్పో కావాలంటే ఎటు వెళ్ళాలని అడిగాను. "కారులో పది నిమిషాలండీ" అన్నాడు. సైకిలును వాళ్ళు వ్యాయామ పరికరంగా చూస్తున్నారు, ఇంట్లో నడక యంత్రం పెట్టుకున్నట్టు. దాని మీద ఎక్కడికైనా వెళ్ళవచ్చన్న ఊహ ఆ నక్షా గీసినవారికి వచ్చినట్టు లేదు.

మంగళవారం నేను ఒక్కడినే రైలులో వెళ్ళి, మిత్రుడి పాత హీరో సైకిలు తీసుకుని తిరిగాను. ఏప్రిల్ ఆఖరులో మరోసారి వెళ్ళి రెండు రాత్రులు ఉన్నాను. ఉండవలసింది అలాగే. ఏ వేళకు ఏ పని మీద వెళ్ళాలో ఆ వేళకు ఆ దారిలోనే తొక్కి చూడాలి: ఎనిమిదింబావుకు బడికి, పదకొండుకు బ్యాంకుకు, చీకటి పడ్డాక మందుల షాపుకు. అప్పుడు గాని కనిపించని సంగతులు కొన్ని చెబుతాను.

చాలా చోట్ల తారు అంచు మార్జిన్ కన్నా జానెడు ఎత్తున ఉంది. కారులో పోయేవాడికి అది కనిపించదు. సైకిలు మీద వెనక నుంచి బస్సు హారను వినిపించి పక్కకు దిగబోయినవాడికి ముందుచక్రం ఆ అంచు మీద ఒరుసుకుని, దిగనూ దిగక ఎక్కనూ ఎక్కక, రెండు క్షణాలు ప్రాణం గుప్పిట్లో పెట్టిస్తుంది. నాకు అదే జరిగింది. పడలేదు గాని, అరచెయ్యి బ్రేకు మీద ఎంత గట్టిగా బిగుసుకుందంటే సాయంత్రం దాకా దాని గుర్తు ఉంది. మరొకటి, రొయ్యల వ్యాన్లు. వాటి వెనక నుంచి ఐసు నీళ్ళు సన్నని ధారగా కారుతూ ఉంటాయి, సరిగ్గా సైకిలు పోయే ఎడమ అంచున రోడ్డు తడిసి ఉంటుంది. ఇక ఏప్రిల్‌లో మొక్కజొన్న. రోడ్డులో సగం మేర పట్టాలు పరిచి గింజలు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చారు. సైకిలువాడు నడిరోడ్డుకు జరగక తప్పదు. రైతును తప్పుపట్టలేను, ఆరబెట్టుకోవడానికి కళ్ళం లేనివాడు ఇంకెక్కడికి పోతాడు? పైగా నేను సైకిలు దిగి నడిపించుకుంటూ పోతుంటే అక్కడున్న పెద్దాయన, "గింజల మీద నుంచే తొక్కు బాబూ, నీ సైకిలుకు ఏం నలుగుతాయి" అన్నాడు.

అమెరికాలో 2012లో శాన్ హోసేలోని ఒక రవాణా పరిశోధన సంస్థ సైకిలు దారులను నాలుగు మెట్లుగా విడదీసే పద్ధతి ఒకటి తయారు చేసింది. తొక్కేవాడి మనసు మీద ఎంత ఒత్తిడి పడుతుందన్నది అందులో కొలత. పిల్లలను వదిలిపెట్టగల దారి ఒకటో మెట్టు, గుండె ధైర్యం ఉన్నవాడే దిగగల దారి నాలుగో మెట్టు. వాహనాల వేగం, వరసల సంఖ్య, పక్కన ఆపిన బండ్లు, ఇలాంటివి చూసి మార్కు వేస్తారు. దానిని బాపట్లకు ఉన్నది ఉన్నట్టుగా తెచ్చి అతికించలేం; మొక్కజొన్నకూ ఐసు నీళ్ళకూ అందులో గడి లేదు. కానీ అందులోని ఒక సూత్రం నాకు బంగారంలా పనికివచ్చింది. దారిలో ఉన్న అధమమైన ముక్కకు ఏ మార్కు వస్తుందో దారి మొత్తానికీ అదే మార్కు.

నేను చూసిన రెండు అద్దె ఇళ్ళలో ఒకటి ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల. చింతచెట్ల నీడ, రెండు పక్కలా పొలాలు, తొక్కుతుంటే పాట వచ్చేంత బాగుంది. ఆ ఆరు కిలోమీటర్లలో ఒక నాలుగు వందల మీటర్లు మాత్రం కత్తిపూడి నుంచి తీరం వెంట ఒంగోలు దాకా పోయే 216 నంబరు జాతీయ రహదారి మీద వెళ్ళి కుడివైపు తిరగాలి. సగటు తీస్తే ఆ దారికి నూటికి తొంభై మార్కులు వస్తాయి. కుడివైపు చెయ్యి చాచి, వెనక ఎంత దూరాన ఏముందో తెలియక, నడిరోడ్డు దాటవలసిన ఆ క్షణంలో సగటు అక్కరకు రాదు. ఆ ఇల్లు వదులుకున్నాను. చింతచెట్ల మీద మనసు మాత్రం ఇంకా ఉంది.

లెక్కపెట్టడంలో ఉన్న మోసం

ఇలా దారులు కొలుస్తూ ఉండగా నాకు ఇంతకన్నా సులువైన ఉపాయం తట్టింది. ఊళ్ళోవాళ్ళు తొక్కుతున్నారా లేదా చూస్తే పోలా? ఫోనులో తమ పరుగులూ సైకిలు షికార్లూ నమోదు చేసుకునేవారి దారులను వెలుగు గీతలుగా చూపించే పటాలు ఉన్నాయి గాని, వాటిలో కనిపించేది వ్యాయామం కోసం తొక్కేవారే; బుట్టలో చేపలు వేసుకుని పోయే మనిషి వాటిలో ఉండడు. అందుకని మంగళవారం ఉదయం ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చుని నేనే లెక్కపెట్టాను. పాల క్యాన్లవాళ్ళు, తాపీ పనివాళ్ళు, పూలవాళ్ళు, ముగ్గురు ముగ్గురు వరసగా కబుర్లు చెప్పుకుంటూ పోయే హైస్కూలు ఆడపిల్లలు. రెండుసార్లు లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టవలసివచ్చింది. పటమటలో అదే వేళకు నాతో కలిపి ఎంతమంది కనిపిస్తారో నాకు తెలుసు కాబట్టి చాలా సంతోషించాను. జవాబు దొరికిందనుకున్నాను.

ఆ సంతోషాన్ని కూల్చినవాడు టీ కొట్టు పక్కన పంక్చర్ షాపు పెట్టుకున్న పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. ట్యూబును నీళ్ళ పళ్ళెంలో ముంచి బుడగ ఎక్కడ వస్తుందో చూస్తూ, తల ఎత్తకుండానే నా లెక్క సంగతి విని, "వీళ్ళలో సగం మంది ఇష్టపడి ఎక్కినవాళ్ళు కాదు మాస్టారూ. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రోజున బండి కొంటారు. ఆ తరవాత నా కొట్టు వైపు చూడరు" అన్నాడు.

ఆయన అన్నది నిజం. సైకిళ్ళు ఎక్కువ తిరగడం ఊరి మంచితనానికి గుర్తు కావచ్చు, మనుషుల లేమికి గుర్తూ కావచ్చు. 2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది, మోటారు ద్విచక్రవాహనం ఉన్నవి 21 శాతమే. ఆ అంకెలు చూసి మన దేశం సైకిలుకు స్వర్గమని ఎవరైనా అంటే మనం నవ్వమా? గతిలేక ఎదురు రోడ్డు మీద ప్రాణాలు అరచేత పట్టుకుని పోయేవాడిని చూపించి, 'చూశారా, ఎంత అనువైన ఊరో' అని నాలాంటివాడు రాసుకోవడం కన్నా అన్యాయం ఉండదు. ఆడపిల్లల సైకిళ్ళ విషయంలోనూ అదే అనుమానం వచ్చింది. ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకం కింద సైకిళ్ళు ఇచ్చారు. ఇచ్చారు కాబట్టి తొక్కారు. పదో తరగతి దాటి, ఇంట్లో స్కూటీ కొనగలిగితే, వాళ్ళలో ఎందరు సైకిలు మీద మిగులుతారు?

అంటే చూడవలసింది ఎంతమంది తొక్కుతున్నారని కాదు; తొక్కకపోయినా గడిచిపోయేవాళ్ళలో ఎవరు తొక్కుతున్నారని. అది రోడ్డు పక్కన కూర్చుంటే తెలియదు, మనిషి ముఖం చూసి ఇంట్లో బండి ఉందో లేదో చెప్పలేం. మళ్ళీ ఆ పెద్దాయన్నే అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా దుకాణం చూరుకు వేలాడుతున్న టైర్ల వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

వేలాడుతున్నవాటిలో ఎక్కువ 28 అంగుళాలవి, అంటే పెద్దవాళ్ళ నల్ల సైకిలువి. పటమటలో మా వీధి చివర సైకిలు షాపులో వేలాడేవి 16, 20 అంగుళాల పిల్లల టైర్లు, గేరు సైకిళ్ళ 26 అంగుళాల టైర్లు. నా అట్లాస్‌కు 28 అంగుళాల టైరు కావాలంటే వన్‌టౌన్ దాకా వెళ్ళాలి, లేదా రెండు రోజులు ఆగాలి. మా వీధిలో సైకిలు పిల్లల ఆటవస్తువు, లేకపోతే కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకున్నవారి ఆదివారపు వ్రతం. దుకాణదారు కరపత్రం కాడు కదా, అమ్ముడుపోని సరుకును చూరుకు వేలాడదీసి డబ్బు ఇరికించుకోడు.

అవి ఎవరు కొంటారని అడిగితే ఆయన వేళ్ళు మడిచాడు. పాలవాళ్ళు, మేస్త్రీలు సరే. గుడిలో అయ్యవారు, ఆయన కొడుకుకు కారు ఉంది. బట్టల కొట్టు శెట్టిగారు. గుంటూరు వెళ్ళాలంటే బండి తీస్తారు, కొట్టుకు మాత్రం సైకిలే. రిటైరైన మాస్టర్లు ఇద్దరు. ఇంట్లో స్కూటీ పెట్టుకుని కూరగాయలకు కూతురి సైకిలు వేసుకువచ్చే ఒక టీచరమ్మ. "దగ్గరేగా, బండి తియ్యడం ఎందుకు అంటారండీ" అన్నాడు. ఈ మాట కోసమే నేను ఇన్నిసార్లు బాపట్ల వచ్చానేమో అనిపించింది. బండి ఉండీ, దానిని తియ్యడం కన్నా సైకిలు తియ్యడమే సుఖమని మనిషికి తోచాలంటే దూరాలు చిన్నవిగా ఉండాలి, వీధిలో భయం ఉండకూడదు, దుకాణం ముందు స్టాండు వెయ్యడానికి చోటుండాలి. ఇవన్నీ విడివిడిగా కొలవడం నా వల్ల కాదు. ఆ నలుగురైదుగురు రోజూ కొలుస్తూనే ఉన్నారు.

ఈ సాక్ష్యానికీ ఒక లోపం ఉంది, దాచను. ఆ పెద్దాయన చెప్పిన పేర్లలో నలభై ఏళ్ళ లోపు మనిషి టీచరమ్మ ఒక్కరే. ఆయన కొడుకు మోటారు బండ్ల షోరూములో పని చేస్తున్నాడు. "నా తరవాత ఈ కొట్టు ఎత్తేస్తారండీ" అని ఆయన ఏమీ బాధ లేకుండా చెప్పాడు. అంటే నేను చదువుతున్నది నిన్నటి ఉత్తరమే కావచ్చు. పదేళ్ళ తరువాత ఆ చూరుకు ఏ టైర్లు వేలాడతాయో ఇప్పుడు చెప్పలేను. కానీ ఇల్లు అద్దెకు తీసుకుంటున్నది పదకొండు నెలలకు.

ఉప్పు

ఇది త్వరగా చెప్పి వదిలేస్తాను. సముద్రపు గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. ఒడ్డుకు దగ్గరలో బాగా ఎక్కువ, లోపలికి పోయే కొద్దీ గబగబా తగ్గిపోతుంది. పెద్దాయన నాకు రెండు చక్రాలు పక్కపక్కన పెట్టి చూపించాడు, ఒకటి ఒడ్డున ఉన్న ఊరిది, ఒకటి ఊళ్ళోది. మొదటిదాని స్పోకులు రిమ్ము దగ్గర గోధుమరంగు పొడి రాలుతున్నాయి. ఒకదానిని వేలితో మీటితే టక్కున విరిగింది. చైనుకు నూనె ఎక్కువ పట్టించవద్దన్నాడు. నూనెకు ఇసుక అంటుకుంటే అది ఆకురాయిలా పళ్ళను అరగదీస్తుందట. నెలకోసారి కిరసనాయిలుతో తుడిచి, చుక్క చుక్కగా నూనె వేసి, పైన గుడ్డతో తుడిచెయ్యాలి. రాత్రి సైకిలు ఇంటి లోపల పెట్టాలి. ఇంత అవసరమా అని మా ఆవిడ అడగకముందే నేనే ఒప్పుకుంటున్నాను, ఇది కూడా ఊరి లోపలి ఇంటినే సమర్థిస్తున్నది.

ఇంట్లో వాదన

"మీరు సైకిలుకు ఊరు వెతుకుతున్నారు. మనకు కదా వెతకాల్సింది" అన్నది మా ఆవిడ. ఆవిడ ఆందోళన తుపానుల గురించి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2010 మేలో లైలా కూడా అక్కడే. ఆ వారంలో సైకిలు ఎందుకూ పనికిరాదు, నిజమే. బుడమేరు పొంగిన 2024 సెప్టెంబరులో బెజవాడ సింగ్ నగర్‌లో పనికివచ్చినవి పడవలు, ట్రాక్టర్లు. కార్లు నీళ్ళలో మునిగి ఉన్నాయి. అంతటి రోజులను కొలబద్దగా పెట్టుకుని వాహనం ఎంచుకోలేం, ఇల్లు మాత్రం ఎంచుకోవాలి. మెరక మీద ఉన్న ఇల్లు కావాలని ఆవిడ పట్టుబట్టింది, నేను ఒప్పుకున్నాను. ఆ విధంగా మా ఇద్దరి పట్టుదలలూ కలిసిన చోట ఒక రెండు గదుల వాటా దొరికింది. ఊరికి పడమటి వైపు, కళాశాలకు రెండు కిలోమీటర్లు, అమ్మాయి బడికి దానికన్నా కొంచెం తక్కువ. దారిలో రహదారి లేదు. ఇల్లు గలవారి పెరట్లో మామిడి చెట్టు కింద, దుమ్ము పట్టకుండా పాత చీర కప్పిన ఒక లేడీస్ సైకిలు ఉంది. అది చూశాకే బయానా ఇచ్చానని మా ఆవిడకు చెప్పలేదు.

మిగిలింది మా అమ్మాయి. పదమూడేళ్ళు. పటమటలో దానిని ఒక్కదాన్నే ఎన్నడూ సైకిలు మీద పంపలేదు. బెంజి సర్కిల్ వైపు పోయే బండ్ల వేగం చూస్తే పంపబుద్ధి కాలేదు. ఇన్ని దారులకు మార్కులు వేసినవాడిని, దీనిని ఎక్కించి పంపే విషయానికి వచ్చేసరికి నాకు నోరు పెగలలేదు. మెట్లూ సూత్రాలూ టైర్లూ చెప్పినదంతా నా ప్రాణం వరకే నమ్మానేమోనన్న అనుమానం ఇంకా తీరలేదు. మొదటి వారం నేను వెనక తొక్కుతాను, రెండో వారం సగం దూరం వెళ్ళి తిరిగివస్తాను అని ఒప్పందం కుదిరింది. సగం దూరం ఎక్కడ ముగుస్తుందన్నది ఇంకా చర్చలో ఉంది.

మొన్న రాత్రి దానిని కూర్చోబెట్టి కాగితం మీద ఊరి పటం గీసి చూపించాను. ఇదిగో సముద్రం, ఇదిగో బడి, ఇదిగో ఇల్లు. పొద్దున నేల మీది గాలి వెనక నుంచి తోస్తుంది, సాయంత్రం సముద్రపు గాలి వెనక నుంచి తోస్తుంది, రెండు పూటలా నీకు తొక్కే పనే ఉండదు అని బాణం గుర్తులు వేసి మరీ చెప్పాను. అది పెన్సిలు తీసుకుని కాసేపు చూసి అడిగింది:

"మరి ఒంటిపూట బడులప్పుడో నాన్నా? పన్నెండున్నరకే వదిలేస్తారుగా. అప్పటికి సముద్రపు గాలి వచ్చేస్తుందా?"

రాకపోవచ్చు. ఏప్రిల్‌లో ఆ వేళకు పడమటి గాలి బలంగా ఉంటే సముద్రపు గాలి ఇంకా ఒడ్డు దగ్గరే ఆగి ఉంటుంది. పడమటి వైపున్న ఇంటికి వచ్చే దారిలో ఆ వడగాలి తిన్నగా ముఖానికే కొడుతుంది. నేను రబ్బరు తీసుకుని ఒక బాణాన్ని చెరిపి, రెండోవైపు తిప్పి గీశాను.